రాసుకున్న ఆరాధన పాటని ఎలా పంచుకోవాలి: వాట్సాప్పా, యూట్యూబా, స్టూడియోనా, ఒక్క పేజీ షీటా?

పాట వచ్చింది. ప్రార్థనలో ఉండగా ఒక లైన్ తగిలింది, దాన్ని పట్టుకుని పల్లవి కట్టారు, అంట్లు తోముతూనో బండి నడుపుతూనో హమ్ చేసుకుంటూ వారంలో రెండు చరణాలు కూడా అయిపోయాయి, ఇంట్లోవాళ్ళకి పాడితే బాగుంది అన్నారు, పాస్టర్ గారికి పాడితే దేవునికి మహిమ అన్నారు. ఇక అక్కడ మొదలవుద్ది అసలు తలనొప్పి, దీన్ని నలుగురికీ ఎలా చేర్చాలి అని.

నన్ను అడిగేవాళ్ళు చాలామంది ముందు అడిగేది "స్టూడియోకి ఎంతవుద్ది బ్రదర్" అనే. నేను తిరిగి ఒకటే అడుగుతా, ఈ పాట జనం వినాలా, పాడాలా? రెండూ అంటారు. మంచిదే గానీ రెండిటికీ దారులు వేరు, ఒకదానికి పెట్టిన ఖర్చు రెండోదానికి అక్కరకి రాకపోవచ్చు. వినాలంటే మంచి రికార్డింగ్ కావాలి. పాడాలంటే కాగితం కావాలి, అంటే లిరిక్స్, కార్డ్స్ (గిటార్ మీదో కీబోర్డ్ మీదో కలిపి వాయించే స్వరాలు), స్కేల్ (పాట ఏ శ్రుతిలో ఉందో), ట్యూన్ తెలిసేలా ఒక చిన్న ఆడియో, కింద పేరు, అనుమతి. మన మొహం కూడా తెలియనివాళ్ళు ఎక్కడో ఒక సంఘంలో మనం లేకుండా ఆ పాట ఎత్తుకున్నారంటే అప్పుడు పంచుకున్నట్టు, నా లెక్క అదీ. పదివేల వ్యూస్ వచ్చి ఒక్క సంఘం కూడా పాడని పాటలు నాకు తెలుసు. అందులో ఒకటి నాదే, దాని కథ కిందకొచ్చాక చెప్తా.

ముందు వాట్సాప్, ఎందుకంటే అందరం మొదలెట్టేది అక్కడే. ఫోన్ ముందు పెట్టుకుని మైక్ గుర్తు నొక్కి పాడేసి గ్రూప్‌లో పడేస్తాం. వేగం విషయంలో దీన్ని కొట్టేది లేదు, పది నిమిషాల్లో బంధువులూ స్నేహితులూ అందరూ వినేస్తారు. ఇబ్బంది ఏంటంటే వాయిస్ నోట్‌ని అది మాట వినడానికి సరిపోయేంతగా కుదించేస్తుంది, వెనక గిటార్ ఉంటే బకెట్లో వాయించినట్టు ఉంటది. దానికన్నా పెద్ద ఇబ్బంది, వాయిస్ నోట్‌కి పేరుండదు. ముందు మెసేజ్‌లో మీరు "ఇది ప్రభువు నాకిచ్చిన పాట" అని రాసినా, ఫార్వర్డ్ చేసేవాళ్ళు ఆడియో ఒక్కటే పట్టుకుపోతారు. అందుకని పంపితే ఎంపీ3 ఫైల్‌గా, అది కూడా డాక్యుమెంట్‌లాగా అటాచ్ చేసి పంపండి, క్వాలిటీ ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది, ఫైల్ పేరు కూడా దానితోపాటే వెళ్తుంది. ఆ ఫైల్ పేరులో పాట మొదటి లైన్, మీ పేరు, స్కేల్, సంవత్సరం పెట్టేయండి. ఇంకా గట్టి పని కావాలంటే పాట మొదలెట్టే ముందు ఐదు సెకన్లు నోటితో చెప్పండి, ఈ పాట రాసింది ఫలానా, మీ సంఘంలో పాడుకోవచ్చు అని. వినేటప్పుడు కొంచెం ఎబ్బెట్టుగా ఉంటుంది, నిజమే, కానీ దాన్ని ఎడిట్ చేసే ఓపిక ఫార్వర్డ్ చేసేవాళ్ళకి ఉండదు.

ఇంకో సంగతి, ఐదు అంతకంటే ఎక్కువ చేతులు మారిన మెసేజ్ మీద వాట్సాప్ రెండు బాణాల గుర్తు వేస్తుంది, 2020 నుంచి అలాంటి దాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలం. అంటే పాట బాగా తిరగడం మొదలయ్యాక దాని వేగం తగ్గుద్ది. తిరిగేది ఏదో మొదటి నుంచీ సరైన ఫైలే తిరగాలని ఇంతగా చెప్పేది అందుకే.

నా పాట ఒకటి అలా వాయిస్ నోట్‌గా వెళ్ళి రెండేళ్ళ తర్వాత ఇంకెవరో నాకే పంపారు, "బ్రదర్ ఈ పాట వినండి చాలా ఆదరణగా ఉంది" అని. మూడో చరణం ఎవరో కలిపారు, పల్లవిలో ఒక మాట మార్చారు, రచయిత తెలియదు అని కింద ఉంది. కోపం రాలేదంటే అబద్ధం అవుద్ది. కానీ కలిపిన ఆ మూడో చరణం నా రెండు చరణాల కన్నా బాగుంది, అది ఇంకా ఒళ్ళు మండించింది, వాళ్ళెవరో తెలిస్తే కలిసి రాసుకుందుం కదా. పేరు పెట్టకపోవడం నా తప్పే.

ఇది ఫోన్లతో వచ్చిన రోగం కూడా కాదు. సైలెంట్ నైట్ పాట చూడండి. జోసెఫ్ మోర్ అనే సహాయ ప్రీస్టు 1816లో మాటలు రాసుకున్నాడు, 1818 క్రిస్మస్ ముందురోజు ఆస్ట్రియాలో ఓబెర్న్‌డార్ఫ్ అనే చిన్న ఊళ్ళో ఫ్రాంజ్ గ్రూబర్ అనే స్కూల్ టీచర్ దానికి ట్యూన్ కట్టాడు, ఆ రాత్రే ఇద్దరూ గిటార్‌తో పాడేశారు. ఇద్దరూ పెద్ద పేరున్నవాళ్ళేం కాదు. ఆర్గన్లు బాగుచేసే ఒకతను కాపీ పట్టుకెళ్ళాడు, ఊరూరా తిరిగి పాడే కుటుంబాలు ఎత్తుకున్నాయి, పాట దేశాలు దాటింది, పేర్లు మాత్రం దారిలో రాలిపోయాయి. ఎంతదాకా అంటే ఇది హైడ్న్, మొజార్ట్, బీథోవెన్ లాంటి మహా సంగీతకారుల్లో ఎవరిదో అని జనం అనుకునేదాకా. చివరికి బెర్లిన్ నుంచి వాకబు వస్తే 1854లో గ్రూబర్ కూర్చుని ఈ పాట ఎలా పుట్టిందో రాసివ్వాల్సి వచ్చింది, అప్పటికి మోర్ చనిపోయి ఆరేళ్ళు. మోర్ స్వహస్తాలతో రాసిన కాగితం ఒకటి 1995లో బయటపడింది, ట్యూన్ గ్రూబర్‌ది అని దాని మీదే రాసుంది. ఆ ఒక్క లైన్ మొదటి కాపీల మీద ఉండుంటే సరిపోయేది.

సరే, యూట్యూబ్. వాట్సాప్‌తో పోలిస్తే పాటకి ఒక అడ్రస్ దొరుకుతుంది, ఒకే లింకు, దాని కింద డిస్క్రిప్షన్‌లో లిరిక్స్, స్కేల్, పేరు, అనుమతి అన్నీ ఉంటాయి, ఎవరైనా షేర్ చేసినా అవి ఊడిపోవు. అందుకే ఒక్కటే ఎంచుకోమంటే వినిపించడానికి నేను యూట్యూబే అంటాను. కానీ కెమెరాలూ డ్రోన్ షాట్లూ కొండల మీద చేతులు చాపి నిలబడటాలూ అక్కర్లేదండీ. నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్లక్షరాలతో లిరిక్ వీడియో చాలు, నేర్చుకునేవాళ్ళకి అదే ఎక్కువ ఉపయోగం. డబ్బులొస్తాయని మాత్రం లెక్కలు వేసుకోకండి, యాడ్స్ మీద పూర్తిస్థాయి వాటా రావాలంటే 1000 మంది సబ్‌స్క్రైబర్లూ, ఏడాదిలో 4000 గంటల వాచ్ టైమూ (షార్ట్స్ అయితే 90 రోజుల్లో కోటి వ్యూస్) కావాలి, ఒకటి రెండు పాటలు పెట్టేవాళ్ళకి అది దూరపు కొండ.

అక్కడ ఒక గుంట ఉంది చూసుకోండి. కంటెంట్ ఐడీ అని ఒక సిస్టమ్ ఉంటది, 2007 నుంచీ ఉంది, మీ వీడియోలో ఉన్న సౌండ్‌ని తన దగ్గర రిజిస్టర్ అయినవాటితో పోల్చి చూస్తుంది. నేను ఒక పాటకి ఎక్కడో డౌన్‌లోడ్ చేసిన రిథమ్ లూప్ వాడాను, అదే లూప్ వాడిన ఇంకెవరో ముందే తమ పాటని రిజిస్టర్ చేసుకున్నారు, ఇంకేముంది నా పాట మీద నాకే క్లెయిమ్ వచ్చింది, ఆ సౌండ్ వాళ్ళదని. డిస్ప్యూట్ పెట్టి తీయించుకున్నాం గానీ నెల పట్టింది. అప్పటి నుంచి గిటార్, కాహోన్ (పెట్టెలా ఉండే డ్రమ్ము), ఏది చేత్తో వాయించగలిగితే అదే.

ఇప్పుడు స్టూడియో, నా పదివేల వ్యూస్ కథ. డబ్బులు కూడబెట్టి ట్రాక్ చేయించాం, ప్యాడ్స్, స్ట్రింగ్స్, ఫ్లూట్ బిట్లు, మంచి ట్రాక్ సింగర్‌తో పాడించాం, ఆ అమ్మాయి గొంతుకి తగ్గట్టు స్కేల్ పెంచారు, చివర్లో ఇంకో అర మెట్టు పైకి మార్చారు కూడా, వింటే ఒళ్ళు పులకరించింది. తర్వాత వారం మా సంఘంలోనే పాడించాం. పల్లవి అందరూ అందుకున్నారు. చరణంలో రెండో లైన్ పైకి వెళ్ళేసరికి ముందు వరసలో కూర్చునే ఒక పెద్దామె, ఏ కొత్త పాటైనా ముందు నేర్చుకునేది ఆవిడే, నోరు తెరిచి, ఆగి, కింది స్థాయిలో పాడబోయి అది కుదరక, పాటల పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది. ఆవిడ తర్వాత వరసగా ఒక్కొక్కరూ ఆగిపోయారు. చివరి పల్లవికి స్టేజీ మీద మేం నలుగురం, కింద నిశ్శబ్దం. చప్పట్లు మాత్రం బాగా కొట్టారు. ఆరాధన పాటకి చప్పట్లు కొడుతున్నారంటే అది కచేరీ అయిపోయిందని అర్థం.

అందుకే స్టూడియోకి వెళ్ళే ముందు పాటని కనీసం మూడు నాలుగు సార్లు మామూలు జనంతో పాడించండి. మొత్తం పాట ఒక స్థాయి, దాని మీద ఒకటి రెండు స్వరాలు, ఆ పరిధిలో ఉంటే ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఎవరి స్థాయిలో వాళ్ళు పాడేస్తారు. ఎక్కడ తడబడ్డారో అక్కడ ట్యూన్ మార్చండి, మాట పొడవైతే మాట మార్చండి, రికార్డ్ అయిపోయాక మార్చలేరు. ఇంకో ముక్క, పాట వేరు, రికార్డింగ్ వేరు. మాటలూ ట్యూనూ మీవే అయినా ట్రాక్ ప్రోగ్రామింగ్ చేసినవాళ్ళకీ, పాడినవాళ్ళకీ ఆ రికార్డింగ్ మీద హక్కులు ఉండొచ్చు, డబ్బులిచ్చాం కాబట్టి అంతా మనదే అనుకోకుండా రెండు లైన్లు కాగితం మీద రాయించుకోండి. విశ్వాసులం మనలో మనకి కాగితాలేంటి అంటారు, తర్వాత మాట్లాడుకోవడం మానేసేది కూడా అలాంటి వాళ్ళే.

స్పాటిఫై, యాపిల్ మ్యూజిక్ లాంటివి రికార్డింగ్ ఉన్నవాళ్ళకే. నేరుగా ఎక్కించలేం, డిస్ట్రిబ్యూటర్ (మన పాటని అక్కడికి చేర్చే కంపెనీ) ద్వారా వెళ్ళాలి, వాళ్ళు పాటకి ఐఎస్ఆర్సీ అని 12 అక్షరాల కోడ్ ఇస్తారు, అది ఆ రికార్డింగ్‌కి ఆధార్ నంబర్ లాంటిది. కొందరు డిస్ట్రిబ్యూటర్ల దగ్గర ఏటా చందా కట్టాలి, మానేస్తే పాటలు తీసేసే ప్రమాదం ఉంది, చేరే ముందు ఆ ఒక్క క్లాజు చదవండి. స్పాటిఫైలో అయితే 2024 నుంచి ఒక పాటకి గడిచిన 12 నెలల్లో కనీసం 1000 స్ట్రీమ్స్ లేకపోతే దానికి రాయల్టీ లెక్కలోకే రాదు. ఒక్క పాట చేతిలో ఉన్నవాళ్ళకి నేను వద్దనే చెప్తా, ఏడెనిమిది పాటలు అయ్యాక ఆలోచించండి.

ఇప్పుడు నాకిష్టమైన దగ్గరికి వచ్చాం, షీట్. ఒక్క పేజీ. పైన పాట పేరు, స్కేల్, తాళం (4/4 నా 6/8 నా), సుమారు టెంపో. తర్వాత మాటలు, ఏ అక్షరం దగ్గర కార్డ్ మారాలో సరిగ్గా ఆ అక్షరం మీద కార్డ్. ఇది వర్డ్‌లో స్పేస్ బార్ కొట్టుకుంటూ చేస్తే ఫాంట్ మారగానే మొత్తం పక్కకి జరిగిపోతుంది, సి ఉండాల్సిన చోట జి వచ్చి కూర్చుంటది, కీబోర్డ్ వాయించే తమ్ముడు మిమ్మల్ని తిట్టుకుంటాడు. దీనికి కార్డ్‌ప్రో అనే పద్ధతి ఉంది, మామూలు టెక్స్ట్ ఫైల్‌లోనే అక్షరం ముందు చదరపు బ్రాకెట్లో కార్డ్ పేరు రాస్తాం, అంతే, ఆ ఫైల్‌ని తెరిచే యాప్ దాన్ని చక్కగా పైన పేర్చి చూపిస్తుంది, స్కేల్ మార్చమంటే కార్డ్స్ అన్నీ అదే మార్చేస్తుంది. స్వరాలు రాయడం వచ్చినవాళ్ళు ఉంటే మ్యూజ్‌స్కోర్ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద స్వరాలు రాసేది) కూడా ఇచ్చేయండి, క్వయర్ వాళ్ళు ఎంత సంతోషిస్తారో.

మాటలు మాత్రం యూనికోడ్‌లో, అంటే ఫోన్లో టైప్ చేస్తే వచ్చే మామూలు తెలుగులో టైప్ చేయండి, దయచేసి. డీటీపీ షాపులో "అను" అనే పాత రకం ఫాంట్లో కొట్టించిన ఫైల్ ఇంకో కంప్యూటర్లో కాపీ చేసి పేస్ట్ చేస్తే పిచ్చి గీతలు వస్తాయి, ఆ సంఘంలో ప్రొజెక్టర్ చూసుకునే పిల్లాడు మళ్ళీ మొత్తం టైప్ చేస్తాడు, చేస్తూ రెండు తప్పులు కలుపుతాడు, ఇక ఆ తప్పులతోనే పాట స్థిరపడిపోతుంది. పీడీఎఫ్ ఒకటి, దానితోపాటు ఉత్త టెక్స్ట్ ఒకటి, రెండూ ఇవ్వండి. షీట్‌తోపాటు ఫోన్‌లో గిటార్ మీద పాడిన రెండు మూడు నిమిషాల ఆడియో, ఇంట్రోలూ బిట్లూ లేకుండా. అన్నీ ఒక డ్రైవ్ ఫోల్డర్లో పెట్టి లింక్ ఇస్తే సరిపోతుంది. లోపం లేదా అంటే ఉంది, షీట్‌ని ఎవరూ ఊరికే స్క్రోల్ చేస్తూ కనిపెట్టరు, అది చేరాల్సిన చేతుల్లోకి మీరే చేర్చాలి, అంటే వర్షిప్ లీడర్లకి, క్వయర్ నడిపేవాళ్ళకి, యూత్ మీటింగుల్లో కీబోర్డ్ వాయించేవాళ్ళకి. యాభై గ్రూపుల్లో పడేసిన దానికన్నా అలాంటివాళ్ళు ఐదుగురికి విడిగా పంపింది ఎక్కువ దూరం వెళ్ళడం నేను చూశాను.

ట్యూన్ కట్టడం రాదు, మాటలే వచ్చాయి అనేవాళ్ళూ ఆగక్కర్లేదు. ఇంగ్లీషు హిమ్స్‌లో లైన్‌కి ఎన్ని అక్షరాల లెక్కో, 8.6.8.6 ఇలా, పుస్తకంలోనే ఇచ్చేవాళ్ళు, అదే లెక్కలో ఉన్న ఏ ట్యూన్‌లో అయినా పాడుకునేవాళ్ళు. మన మాత్రల నడక అంత తేలిగ్గా కుదరకపోయినా పద్ధతి అదే, మాటలు ఒక నడకలో పెట్టి ట్యూన్ కట్టేవాళ్ళకి ఇవ్వండి. ఇద్దరి పేర్లూ రాయండి.

ఇక అనుమతి, దీని గురించి ఎవరూ మాట్లాడరు. బెర్న్ ఒప్పందం (1886లో మొదలైంది) పాటించే దేశాల్లో పాట రాసిన క్షణం నుంచే కాపీరైట్ మీది, ఎక్కడా రిజిస్టర్ చేయక్కర్లేదు. దీనికి రెండో వైపు కూడా ఉంది, మీరు ఏమీ చెప్పకపోతే జాగ్రత్తగా ఉండే సంఘాలు మీ పాట ముట్టుకోవు. "దేవుడిచ్చిన పాట, ఎవరైనా పాడుకోవచ్చు" అని రాస్తారు చాలామంది, మనసు మంచిదే గానీ పాడుకోవడమంటే పాడటమేనా, ప్రింట్ చేయొచ్చా, అనువాదం చేయొచ్చా, రికార్డ్ చేసి యూట్యూబ్‌లో పెట్టొచ్చా, ఇవేవీ అందులో తేలవు.

అందుకే క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు, అంటే ఎవరు ఏం చేసుకోవచ్చో ముందే రాసిపెట్టి ఉన్న అనుమతులు. ఆరు రకాలున్నాయి గానీ మనకి తేడా తెలియాల్సినవి కొన్నే. బై అంటే పేరు చెప్పి ఏమైనా చేసుకోవచ్చు. బై ఎస్ఏ అంటే పేరు చెప్పాలి, మార్చి పంచితే వాళ్ళ దాన్ని కూడా ఇదే లైసెన్సుతో పంచాలి. ఎన్‌సీ తగిలిస్తే వ్యాపారానికి వాడకూడదు. వినడానికి బాగుంటుంది, కానీ ఒక సంఘం యూట్యూబ్ చానల్‌కి యాడ్స్ వస్తున్నాయి, అది వ్యాపారమా కాదా? వాళ్ళకి అనుమానం వచ్చి మీ పాట పక్కన పెట్టేస్తారు. ఎన్‌డీ, అంటే మార్చకూడదు, ఇది మనవాళ్ళు ఎక్కువ ఇష్టపడేది, ఎవరో వచ్చి మాటలు మార్చి బోధ పాడుచేస్తారేమో అన్న భయంతో. అర్థం చేసుకోగలను, నా పాటకి మూడో చరణం తగిలించినవాళ్ళని చూశాక నాకూ అనిపించింది. కానీ అనువాదం కూడా మార్పు కిందే లెక్క, ఎన్‌డీ పెడితే మీ పాటని పక్క భాషవాళ్ళు అనువదించి పంచడానికి వీల్లేదు, అడిగితే తప్ప. అడగడానికి మీ అడ్రస్ దొరకాలి, మీరు బతికుండాలి.

నేను బై ఎస్ఏ 4.0 వాడతాను. 2013లో వచ్చిన వెర్షన్ అది. పెట్టే ముందు రెండు చూసుకోండి. ఒకటి, ఇచ్చాక వెనక్కి తీసుకోలేరు, పాట తర్వాత పెద్ద హిట్ అయినా సరే. రెండు, మీరు ఏదైనా రాయల్టీ సొసైటీలో (రచయితల తరఫున రాయల్టీ వసూలు చేసే సంస్థలో) సభ్యులైతే హక్కులు వాళ్ళకి రాసిచ్చేసి ఉండొచ్చు, అప్పుడు ఈ లైసెన్స్ ఇచ్చే అధికారం మీకు ఉండకపోవచ్చు. పాటలో బైబిల్ వాక్యం ఉన్నదున్నట్టు వాడినవాళ్ళు ఏ అనువాదమో చూసుకోండి, కొత్త అనువాదాలకి కాపీరైట్ ఉంటుంది, అవి మీరు ఇంకొకరికి ఇచ్చేయలేరు. ఆ వాక్యాన్ని మీ మాటల్లో తిప్పి రాసుకుంటే గొడవ లేదు, చాలాసార్లు పాటకి కూడా అదే మంచిది.

సీసీఎల్ఐ సంగతి కూడా అడుగుతుంటారు, సంఘాలకి పాటల లైసెన్సులిచ్చే సంస్థ అది. 1988లో అమెరికాలో మొదలైంది, లైసెన్స్ తీసుకున్న సంఘాలు పాటల మాటలు ప్రింట్ చేసుకోవచ్చు, స్క్రీన్ మీద వేసుకోవచ్చు, ఏవి వాడారో రిపోర్ట్ చేస్తే దాన్నిబట్టి హక్కుదారులకి డబ్బు వెళ్తుంది. మీ పాటలు అలా లైసెన్స్ ఉన్న సంఘాల్లో నిజంగా పాడటం మొదలయ్యాక చూసుకోవాల్సింది, మొదటి రోజు పని కాదు.

మొత్తానికి నన్నడిగితే, ఒక్క పాటే ఉండి చేతిలో డబ్బు లేకపోతే షీటూ ఫోన్ ఆడియో. ఇంకాస్త ఓపిక ఉంటే దానికే లిరిక్ వీడియో. సంఘాలు పాడటం మొదలెట్టి, ట్యూన్‌లో గరుకులన్నీ పోయాక, అప్పుడు స్టూడియో, అది కూడా జనం పాడే స్కేల్లోనే. ఒకవేళ అది మీ సాక్ష్యం పాట, మీ జీవితంలో జరిగింది మీరే పాడాలి, సంఘం పాడేది కాదు అనుకుంటే ఈ వరస తిరగేయండి, దానికి షీట్ కన్నా మీ గొంతు ముఖ్యం, మంచి రికార్డింగ్ చేసి యూట్యూబ్‌లో పెట్టండి.

నా షీట్ల కింద ఏం రాస్తానో చాలామంది అడిగారు కాబట్టి ఇక్కడే పెడుతున్నా, పేరు మార్చుకుని వాడేసుకోండి: "మాటలు, ట్యూన్: ఫలానా, 2025. క్రియేటివ్ కామన్స్ బై ఎస్ఏ 4.0. పాడొచ్చు, ప్రింట్ చేయొచ్చు, స్క్రీన్ మీద వేయొచ్చు, రికార్డ్ చేయొచ్చు, అనువదించొచ్చు, పేరు ఉంచండి, మీరు మార్చింది కూడా ఇలాగే పంచండి. చరణం కలిపితే మీ పేరు కూడా రాసి నాకొక కాపీ పంపండి." ఆ చివరి వాక్యం లైసెన్స్ షరతు కాదు, ఊరికే అడుగుతున్నా, ఆ మూడో చరణం రాసినవాళ్ళు ఎప్పటికైనా ఒక షీట్ చూస్తారేమో అని.